ముందుగా అందెడి ప్రశ్నపత్రము

పరీక్షకు ముందే ప్రశ్నపత్రము విద్యార్థుల చేతికి చిక్కినచో దానిని అందరును గొప్ప అపరాధముగ భావింతురు. ఆ పరీక్ష రద్దగును; మరల వేరొక ప్రశ్నపత్రము తయారగును. కాని లోకమున ఇందుకు విరుద్ధమైన పరీక్ష యొకటి కలదు. దాని ప్రశ్నపత్రమును కొన్ని వారములు ముందుగనే ముద్రించి, ఉత్తర మియ్యవలసిన ప్రతి వ్యక్తికిని ఇంటికి పంపుదురు. పంపకపోవుటయే అచ్చట అపరాధము. ప్రశ్నలతోపాటు వాని అర్థమును, ఒక్కొక్క ఉత్తరమువలన కలుగు ఫలితమును, దానికగు వ్యయమును గూడ వివరింతురు. ఇరుగుపొరుగువారితో చర్చించి ఉత్తరము నిర్ణయించుకొనుటకు అభ్యంతరము లేదు. ఇంటివద్ద గుర్తించుకొన్న కాగితమును చేతబట్టుకొని, దానిని చూచి వ్రాయుటయు తప్పు కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెక్కు నగరములందు జరుగు ఎన్నికయే ఆ పరీక్ష.

మన దేశమున ఎన్నిక యనగా ప్రతినిధులను ఎన్నుకొనుట. శాసనసభకును, లోకసభకును, పురపాలక సంఘమునకును అభ్యర్థులు పోటీచేయుదురు. ఓటరు వారిలో ఒకరిని ఎంచుకొనును. ఆ ప్రతినిధులే తరువాత శాసనములు చేయుదురు, పన్నులు విధింతురు, వ్యయమును నిర్ణయింతురు. అమెరికాలోని అనేక నగరములందు ఓటరు వ్యక్తులను ఎన్నుకొనుటతో పని ముగియదు. ఓటు పత్రముపై అభ్యర్థుల పేర్ల క్రింద కొన్ని ప్రశ్నలు గూడ నుండును. పాఠశాల భవనములకై నగరము అప్పు చేయవచ్చునా? ఇంటి అద్దెలను గూర్చిన నిబంధన మార్చవలయునా? ఉద్యానవనములకై కొంత ధనమును ప్రత్యేకించి యుంచవలయునా? ఇట్టి ప్రశ్నల కెదుట రెండే ఉత్తరములుండును: అవును, కాదు. ఓటరు ఆ రెండింటిలో ఒకదానిని గుర్తించును. ఎక్కువమంది అవునన్నచో అది శాసనమగును. ఈ ప్రశ్నలనే ప్రతిపాదనలందురు.

వ్యక్తిని ఎన్నుకొనుట కంటె విషయమును నిర్ణయించుట కష్టము. అభ్యర్థి కంటికి కనబడును; మాటలాడును; అతని నడవడి నలుగురును ఎరుగుదురు. ప్రతిపాదన యట్లు కాదు. అది న్యాయశాస్త్ర పరిభాషలో వ్రాయబడి, కొన్ని పుటలు నిండియుండును. దానిని చదువక ఓటు వేయువాడు చీకటిలో రాయి విసరినవాడగును. అందుచేతనే ఎన్నిక ఎప్పుడు జరుగునో, ప్రశ్న లేవో, వాని భావమేమో ప్రజలకు ముందుగ తెలియజేయుట అచ్చటి నగరములకు ముఖ్యధర్మమైనది. ఈ ధర్మము ఎట్లు నెరవేరుచున్నదో తెలిసికొనుటకు సాన్‌ఫ్రాన్సిస్కో నగరము తగిన నిదర్శనము.

సాన్‌ఫ్రాన్సిస్కో కాలిఫోర్నియా రాష్ట్రమున పసిఫిక్ మహాసముద్ర తీరముననున్న రేవు పట్టణము. మూడువైపుల నీరు, నడుమ కొండలు గల ఆ పట్టణమున 2020వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము 8,73,965 మంది నివసించుచుండిరి. నగరపాలనమునకు మేయరును, పదునొకండుగురు సభ్యులు గల పర్యవేక్షక మండలియు కలరు. ఎన్నిక వచ్చినపుడు రాష్ట్రమంతటికి సంబంధించిన ప్రతిపాదనలకు అంకెలును, నగరమునకు మాత్రమే సంబంధించిన ప్రతిపాదనలకు ఆంగ్ల అక్షరములును పేర్లుగ నిత్తురు. 2024వ సంవత్సరము నవంబరు 5వ తేదీన జరిగిన ఎన్నికలో ఆ నగరపు ఓటరు అధ్యక్షుని మొదలుకొని మేయరు వరకు పలువురను ఎన్నుకొనుటయే గాక, రాష్ట్రమునకు చెందిన 10 ప్రతిపాదనలకును, నగరమునకు చెందిన 15 ప్రతిపాదనలకును ఉత్తరము చెప్పవలసి వచ్చెను. ఒక్కరోజున ఇరువదియైదు ప్రశ్నలు! ముందుగ తెలియజేయనిచో సామాన్యుడు వానిని ఎట్లు పరిష్కరింపగలడు?

ఈ పద్ధతి పుట్టుటకు కారణము కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివర కాలిఫోర్నియాలో రైలుమార్గముల యజమానులు మహాబలవంతులై యుండిరి. రైతు పండించిన ధాన్యము రేవు చేరవలెనన్నను, వర్తకుని సరకు కదలవలెనన్నను వారు విధించిన కిరాయియే శరణ్యము. ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులలో పలువురు ఆ యజమానుల మాట జవదాటలేకుండిరి. ప్రతినిధి ప్రజల మాట విననపుడు ప్రజలకు గత్యంతర మేమి? ఈ ప్రశ్నకు కొందరు సంస్కర్తలు ఐరోపాలోని స్విట్జర్లాండు వంక చూచిరి. ఆ చిన్న దేశమున 1874వ సంవత్సరమునుండి, శాసనసభ చేసిన చట్టమును తగినంతమంది పౌరులు సంతకములు చేసి కోరినచో ప్రజల ఓటునకు పెట్టుచుండిరి. 1891లో రాజ్యాంగమున ప్రత్యేక సవరణలను ప్రజలే ప్రతిపాదించు హక్కు గూడ అచ్చట వచ్చెను. అమెరికాలో 1898లో దక్షిణ డకోటా రాష్ట్రమును, 1902లో ఒరెగాన్ రాష్ట్రమును ఈ మార్గము త్రొక్కెను. సాన్‌ఫ్రాన్సిస్కో నగరము 1898లోనే తన నగరశాసనమున దీనికి చోటిచ్చి, ఇట్టి నగరములలో అగ్రగణ్యమైనది. హైరం జాన్సన్ గవర్నరుగ నున్న కాలమున, 1911వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన, కాలిఫోర్నియా రాష్ట్ర మంతటను ఈ హక్కును ప్రజలు తమ ఓటుతోనే స్వీకరించిరి.

నగరమున ఒక ప్రశ్న ఓటు పత్రముపైకి పలు మార్గముల వచ్చును. పర్యవేక్షక మండలి సభ్యులు పెట్టవచ్చును, మేయరు పెట్టవచ్చును, లేదా సామాన్య పౌరులే ఒక ప్రతిపాదనను వ్రాసి, వీథులలో అంగళ్లముందు నిలిచి ఓటర్ల సంతకములు సేకరించి పెట్టవచ్చును. ఆ సంతకములు నిజమైన ఓటర్లవేనా యని ఎన్నికల శాఖవారు జాబితాతో సరిచూతురు. ప్రశ్నలును ఒకే తెగకు చెందినవి కావు. కొన్ని నగరపు మూలశాసనమును సవరించునవి. కొన్ని సాధారణ శాసనములు. మరికొన్ని ఋణపత్రములను విక్రయించి ధనము సేకరించుటకు అనుమతి కోరునవి. మూలశాసన సవరణకు సగముకంటె ఎక్కువ ఓట్లు చాలును. కాని ఆస్తిపన్ను ద్వారా తీర్చవలసిన సామాన్య ఋణమునకు నగరమున మూడింట రెండువంతుల ఓట్లు కావలయును. నేడు చేసిన అప్పును రేపటి తరమువారు గూడ తీర్చవలయును గనుక ఈ కట్టుబాటు.

ఇట్లు ప్రశ్నలు సిద్ధమైన పిదప నగరపు ఎన్నికల శాఖ ఒక పుస్తకమును తయారుచేయును. దానిని ఓటరు సమాచార పుస్తకమందురు. అందు ఎన్నిక తేదీ, ఓటు వేయు స్థలము, వేళలు, ఓటరుగ నమోదగు విధానము, నమూనా ఓటు పత్రము, అభ్యర్థుల ప్రకటనలు, ప్రతిపాదనల వివరణములు ఉండును. ఓటరుగ నమోదైన ప్రతి వ్యక్తికిని ఇది టపాలో చేరును. 2021లో చేసిన చట్టము మొదలు కాలిఫోర్నియాలో ఓటు పత్రము గూడ ప్రతి ఓటరునకును టపాలోనే వచ్చుచున్నది. ఓటరు దానిని నింపి టపాలో పంపవచ్చును. లేదా నియమిత స్థలమున నుంచిన పెట్టెలో వేయవచ్చును. లేదా ఎన్నికనాడు ఉదయము 7 గంటలు మొదలు రాత్రి 8 గంటల వరకు తెరచియుండు కేంద్రమునకు పోవచ్చును.

పుస్తకమున ప్రతిపాదన భావమును తేటపరచు పని సులభమైనది కాదు. ప్రతిపాదనను పెట్టినవారు వ్రాసినచో అది పొగడ్త యగును. ఎదిరించువారు వ్రాసినచో అది నింద యగును. అందువలన సాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ పని కొక ప్రత్యేక సంఘము కలదు. దాని పేరునకు ఓటు పత్రమును సులభపరచు సంఘమని యర్థము. పత్రికారంగమున అనుభవము గలవారు, ఓటర్లకు తోడ్పడు సంస్థ సూచించినవారు మున్నగువా రందు సభ్యులు. చదువు నేర్పుటలో నిపుణులైన వా రొకరు గూడ సభ్యులుగ నుండవలయునని నియమము. వీరి సమావేశములు బహిరంగముగ జరుగును. ఏ పౌరుడైనను పోయి, ఈ మాట పక్షపాతముగ నున్నది, ఈ వాక్యము అర్థమగుట లేదు అని చెప్పవచ్చును. సభ్యులు ఒక్కొక్క పదమును తూచి, సరిదిద్ది, తుదకు సామాన్యముగ మూడువందల మాటలకు మించకుండ సారాంశమును సిద్ధము చేయుదురు.

ఆ సారాంశము ఎంత సులభముగ నుండవలెను? ఇందుకు వారు పెట్టుకొన్న కొలత చిత్రమైనది. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడు గాని బాలిక గాని చదివి గ్రహింపగలిగినంత సులభముగ నుండవలెననుట వారి కొలత. న్యాయవాదులు పుటలకొలది వ్రాసిన దానిని, కోట్ల ధనముతో ముడిపడిన దానిని, ఎనిమిదవ తరగతి విద్యార్థి భాషలోనికి దింపవలయును. భావము చెడరాదు, ముఖ్యాంశము జారిపోరాదు, మొగ్గు కనబడరాదు. కఠినముగ వ్రాయుట ఎంత సులభమో, సులభముగ వ్రాయుట అంత కఠినమని ఆ పని చేసినవారికే తెలియును.

సారాంశమునకు నాలుగు భాగములుండును. ఇప్పుడున్న స్థితి యేమి యనునది మొదటిది. రాబోవు మార్పేమి యనునది రెండవది. అవునని ఓటు వేసినచో దాని భావమేమి యనునది మూడవది. కాదని వేసినచో దాని భావమేమి యనునది నాలుగవది. ఒక ఉదాహరణము ఊహింతము. అగ్నిమాపక కేంద్రముల భవనములు పాతబడినవి. భూకంపము వచ్చినచో అవియే ముందు కూలునేమో యని భయము. వానిని పటిష్ఠము చేయుటకు అప్పు తేవలయునని ప్రతిపాదన వచ్చినది. సారాంశమున మొదట భవనముల ప్రస్తుత స్థితిని, వానికై ఇప్పుడు ధనము ఎచ్చటనుండి వచ్చుచున్నదియు చెప్పుదురు. పిదప ఎంత అప్పు, దేనికి వినియోగము, ఏ పన్నునుండి తీర్చుట యనునవి చెప్పుదురు. తరువాత, మీరు అవునన్నచో నగరము ఈ అప్పు చేయవలయునని కోరుచున్నారు, కాదన్నచో చేయరాదని కోరుచున్నారు అని రెండు వాక్యములతో ముగింతురు. అగ్నిమాపక సిబ్బంది త్యాగమును గూర్చిన స్తుతి అందుండదు. పన్నుల భారమును గూర్చిన విలాపమును ఉండదు.

దాని తరువాత నగరపు లెక్కల అధికారి వ్రాసిన నివేదిక వచ్చును. ప్రతిపాదన నెగ్గినచో నగరమున కెంత ఖర్చు, ఇంటి యజమానిపై ఎంత పన్ను పడును, ఆదాయము పెరుగునా తరుగునా యనునవి అందుండును. మంచి పనియే యైనను దాని వెల తెలియక ఒప్పుకొనుట వివేకము కాదు గదా! ఆ తరువాత అనుకూలుర వాదము, ప్రతికూలుర వాదము, ఒకరి వాదమునకు మరొకరి ప్రత్యుత్తరము ముద్రింపబడును. ఇవిగాక ఎవరైనను నిర్ణీతమైన రుసుము చెల్లించి గాని, రుసుమునకు బదులు తగినన్ని ఓటర్ల సంతకములు తెచ్చి గాని తమ వాదమును అచ్చు వేయించుకొనవచ్చును. ఈ వాదములు ఆయా రచయితల అభిప్రాయములే యనియు, వాని సత్యమును ఏ ప్రభుత్వశాఖయు పరిశీలింపలేదనియు పుటలపైననే హెచ్చరిక యుండును. సారాంశమునకును వాదమునకును గల భేదమును పాఠకుడు మరువరాదు. మొదటిది త్రాసు, రెండవది బేరము.

ముద్రణకు పూర్వము మరొక రక్షణ కలదు. పుస్తకమున రానున్న విషయము నంతయు పది దినములపాటు ప్రజలు పరిశీలించుటకు వీలుగ నుంచుదురు. అందు అసత్యముగాని, తప్పుదారి పట్టించు మాటగాని యున్నదని తోచిన ఓటరు న్యాయస్థానమున కేగి దానిని తీసివేయింపగోరవచ్చును. అచ్చైన పిమ్మట లక్షల ప్రతులను వెనుకకు రప్పించుట అసాధ్యము. కనుక దిద్దుబాటు ముందే జరుగవలయును.

ఇంత జాగ్రత్త యేల యని కొందరి కనిపింపవచ్చును. అవును, కాదు అను రెండు మాటలు పసివానికి గూడ తెలియునే! కాని ఓటు పత్రముపై ఆ మాటలు ఒక్కొక్కప్పుడు తలక్రిందులగును. కాలిఫోర్నియా చరిత్రలో ఇందుకొక చేదు ఉదాహరణము కలదు. 1963వ సంవత్సరమున ఆ రాష్ట్ర శాసనసభ రంఫర్డ్ చట్టమను నొక చట్టము చేసెను. నల్లజాతివారనిగాని, అన్యజాతివారనిగాని చెప్పి ఇల్లు అమ్ముటకు, అద్దె కిచ్చుటకు నిరాకరింపరాదని దాని భావము. ఇది గిట్టని స్థిరాస్తి వ్యాపారుల సంఘము 1964 నవంబరులో 14వ ప్రతిపాదనను ప్రజలముందు పెట్టించెను. తన ఆస్తిని తన కిష్టమైనవారికి అమ్ముకొను స్వేచ్ఛను ప్రభుత్వము హరింపరాదని దాని మాటల తీరు. స్వేచ్ఛ యను మాట ఎవరికి చేదు? కాని ఆ స్వేచ్ఛ వెనుక దాగినది, చర్మపు రంగు చూచి తలుపు మూయు హక్కు. వివక్షను వలదనువారు ఆ పత్రముపై కాదని గుర్తింపవలయును. వివక్షను సాగనిచ్చుటకు అవునని గుర్తింపవలయును. ఆ ప్రతిపాదన నూటికి సుమారు 65 ఓట్లతో నెగ్గెను.

అంతటితో కథ ముగియలేదు. 1966లో కాలిఫోర్నియా ఉన్నత న్యాయస్థానమును, 1967లో దేశపు సర్వోన్నత న్యాయస్థానమును ఆ ప్రతిపాదన చెల్లదని తీర్పు చెప్పెను. చట్టము ముందు అందరును సమానులను రాజ్యాంగ సూత్రమునకు అది విరుద్ధమని ఆ న్యాయమూర్తులు నిర్ణయించిరి. దీనినుండి రెండు పాఠములు గ్రహింపదగియున్నవి. ప్రశ్నలోని తీయని మాట వెనుక నున్న అసలు భావమును ఓటరు విచారింపవలయుననునది మొదటిది. పదిమంది కలిసి కోరినంత మాత్రమున పదునొకండవవాని హక్కును హరింపరాదనునది రెండవది. మొదటి పాఠమునకు సమాచార పుస్తకము తోడ్పడగలదు. రెండవది రాజ్యాంగము కాపాడవలసినది.

ప్రశ్నను ప్రజలకు తెలియజేయు పనిని ప్రభుత్వమే కాక, పౌరులును చేపట్టుదురు. 1911 అక్టోబరు 10వ తేదీననే కాలిఫోర్నియాలో మరొక ప్రశ్న గూడ ఓటునకు వచ్చెను. స్త్రీలకు ఓటుహక్కు ఇయ్యవచ్చునా యనునది ఆ ప్రశ్న. 1896లో ఇదే ప్రశ్న యడుగగా పురుషులు కాదనిరి. ఉత్తరము చెప్పువారందరును పురుషులే. ఫలిత మనుభవించువారు స్త్రీలు. తమకు ఓటు లేనందున స్త్రీలు మాటనే ఆయుధముగ గొనిరి. ఊరూర సభలు జరిపిరి; గోడలపై ప్రకటనపత్రములు అంటించిరి; వలస వచ్చినవారికై పలు భాషలలో కరపత్రములు పంచిరి. పెద్ద పట్టణములపైననే ఆధారపడక పల్లెలకు పోయి రైతులను కలిసికొనిరి. ఎన్నిక ముగిసిన తరువాత మొదట వచ్చిన లెక్కలు వారికి నిరాశ కలిగించెను. సాన్‌ఫ్రాన్సిస్కో నగరము కాదనెను. కాని పల్లెల ఓట్లు లెక్కకు వచ్చిన కొలది త్రాసు మొగ్గెను. తుదకు 3,587 ఓట్ల ఆధిక్యముతో ఆ ప్రతిపాదన గెలిచెను. రాష్ట్ర మంతటిలో అంత స్వల్పమైన భేదము! దూరపు పల్లెలకు వారు పోకున్నచో ఫలితము ఎట్లుండెడిదో ఊహింపవచ్చును.

ప్రశ్నకు జవాబిచ్చుట యనగా కొన్ని వేళల తమ ఇల్లు వాకిళ్లను పణముగ పెట్టుటయే. సాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు ముఖద్వారమున స్వర్ణద్వారమను పేరుగల వంతెన జగత్ప్రసిద్ధము. దానిని నిర్మించుటకు 3 కోట్ల 50 లక్షల డాలర్ల ఋణము కావలసి వచ్చెను. 1930వ సంవత్సరము నవంబరు 4వ తేదీన ఆ నగరమును, ఇరుగుపొరుగు మండలములును కలిసిన ప్రాంతపు ఓటర్ల నడిగిరి. అప్పటికి ఆర్థికమాంద్యము దేశమున వ్యాపించియుండెను. ఋణము తీరకున్నచో తమ ఇండ్లు, పొలములు, వ్యాపారములే దానికి హామీ యని ఓటర్ల కెరుకయే. అయినను నాలుగింట మూడువంతుల మంది అవుననిరి. 1937 మే నెలలో వంతెన తెరువబడెను. వంతెన దాటువారు చెల్లించిన సుంకముతోనే 1971 నాటికి అసలును వడ్డీయు పూర్తిగ తీరినవి. తాము చేయుచున్న పనియొక్క బరువును తెలిసి చేసిన నిర్ణయమది.

సమాచారమును పంపుట ఒక యెత్తు. అది చదువగలిగిన భాషలో నుండుట మరియొక యెత్తు. సాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దేశమునుండి వచ్చినవారు ఎన్నో తరములుగ నివసించుచున్నారు. 1882లో చేసిన చట్టము చైనా కార్మికుల రాకను నిషేధించి, చైనావారికి పౌరసత్వము దక్కకుండ చేసెను. 1943లో ఆ చట్టము రద్దైనది. పౌరసత్వము వచ్చిన తరువాత గూడ ఆంగ్లము చక్కగ రానివారికి ఓటు పత్రము మూగ కాగితమువలె నుండెను. 1975లో దేశపు ఓటుహక్కు చట్టమును సవరించి, ఒక భాష మాటలాడు పౌరులు తగినంతమంది యున్నచోట ఎన్నిక సామగ్రిని ఆ భాషలో గూడ నియ్యవలయునని శాసించిరి. నేడు సాన్‌ఫ్రాన్సిస్కో పుస్తకము ఆంగ్లమున, చైనా భాషలో, స్పానిష్‌లో, ఫిలిపినో భాషలో లభించుచున్నది. చూపు మందగించినవారికి పెద్ద అక్షరములతోను, చూపు లేనివారికి వినుటకు వీలుగను అది సిద్ధమగుచున్నది. ఒకప్పుడు గడప దాటి రానీయని వారి చేతికి, నేడు వారి లిపిలోనే ప్రశ్నను అందించి నీ యభిప్రాయ మేమని నగరము అడుగుచున్నది.

ఈ పద్ధతియందు లోపములు లేకపోలేదు. ప్రశ్నలు పెరిగిన కొలది పుస్తకము లావగును. లావైన పుస్తకమును చూచినంతనే కొందరు ప్రక్కన పెట్టుదురు. ధనవంతులైన పక్షములవారు ప్రకటనలకై విశేషముగ వ్యయము చేసి, సారాంశమును చదువనివారి చెవిలో తమ మాటనే మారుమ్రోగింతురు. అర్థము కాని ప్రశ్నను విడిచిపెట్టుటకు ఓటరునకు స్వేచ్ఛ కలదు. ఒక ప్రశ్నకు ఉత్తర మియ్యకున్నను తక్కిన ఓట్లు చెల్లును. కాని విడిచిన ప్రశ్నకు ఇతరులు చెప్పిన ఉత్తరమే అతనికిని శిరోధార్యమగును. పుస్తకమును ఇంటివరకు పంపగలరు గాని, దానిని తెరచి చదివించు శక్తి ఏ నగరమునకును లేదు.

మన భారత రాజ్యాంగమున ఇట్టి ప్రతిపాదనల పద్ధతి లేదు. కాని ఎన్నికను ప్రజలకు తెలియజేయు ప్రయాస మనకు క్రొత్త కాదు. 1951-52లో జరిగిన ప్రథమ సామాన్య ఎన్నికలలో ఓటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షలమంది. వారిలో అత్యధికులు అక్షరజ్ఞానము లేనివారు. ప్రధాన ఎన్నికల అధికారి సుకుమార్ సేన్ ఆధ్వర్యమున, చదువురాని వారు గూడ గుర్తుపట్టునట్లు చిహ్నము లేర్పడెను. చలనచిత్రశాలలలోను, ఆకాశవాణిలోను ఓటు వేయు విధానము వివరింపబడెను. అయినను సుమారు 28 లక్షల స్త్రీల పేర్లను జాబితానుండి తొలగింపవలసి వచ్చెను. వారు తమ పేరు చెప్పుటకు సంకోచించి, ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రమే వ్రాయించుటయే దానికి కారణము. తెలియజేయుట యనునది కాగితము పంచుటతో ముగియు పని కాదని ఆనాడే మనకు బోధపడెను.

ఒక ప్రశ్నకు నేరుగ ఓటర్లే ఉత్తరము చెప్పిన సందర్భమును మన దేశమున గోవాలో చూడవచ్చును. 1961లో పోర్చుగీసు పాలననుండి విముక్తి పొందిన గోవా, పొరుగునున్న మహారాష్ట్రలో కలియవలయునా, కేంద్రపాలిత ప్రాంతముగనే యుండవలయునా యనునది ఆ ప్రశ్న. 1967వ సంవత్సరము జనవరి 16వ తేదీన ఓటింగు జరిగెను. పత్రముపై రెండు గుర్తులు మాత్రమే యుండెను. పువ్వు గుర్తు విలీనమునకు. రెండాకుల గుర్తు విడిగ నుండుటకు. విలీనమునకు 1,38,170 ఓట్లు, విడిగ నుండుటకు 1,72,191 ఓట్లు వచ్చెను. చదువురాని రైతుకును, జాలరికిని ఆ పువ్వు, ఆ ఆకులు తమ నేల భవితవ్యమును విప్పి చెప్పెను. గోవా 1987లో ప్రత్యేక రాష్ట్రమైనది.

పట్టణముల పాలనమునకు మన దేశమున 74వ రాజ్యాంగ సవరణము 1993 జూన్ 1వ తేదీనుండి దృఢమైన పునాది వేసెను. పురపాలక సంఘములకు ఎన్నికలు జరుపు బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘములకు చెందెను. ఓటర్ల జాబితాను ప్రచురించి, అందు తప్పులున్నచో చెప్పుడని ప్రజలను కోరుదురు. ఆ జాబితాలో తన పేరున్నదా యని చూచుకొనుట, లేనిచో గడువులోపల నమోదు చేయించుకొనుట పౌరుని వంతు. వార్డులో కుళాయి నీరు, మురుగు కాలువ, వీథిదీపము మున్నగు విషయములలో అభ్యర్థి చెప్పునదేమి, దానికి ధనము ఎచ్చటనుండి వచ్చును, ఆ పని చేసినచో ఏమి, చేయకున్నచో ఏమి యని విచారించుట గూడ అతని వంతే. సాన్‌ఫ్రాన్సిస్కో పుస్తకములోని ఆ నాలుగు భాగములను, లెక్కల నివేదికను మనవారు తమ మనస్సులోనే వ్రాసికొనవచ్చును. దానికి ఏ శాసనమును అవసరము లేదు.

ఓటుహక్కు వచ్చుటకు ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఇంకను కొన్ని సంవత్సరములు ఆగవలయును. కాని మహానగరపు ఓటర్లకై వ్రాయు సారాంశమునకు వారి చదువే కొలతగ నున్నదను సంగతి వారు గుర్తుంచుకొనదగినది. ఇంటికి వచ్చిన ఎన్నికల ప్రకటనను, పురపాలక సంఘపు నోటీసును చేతబట్టి, చదువురాని తాతకో, పనితొందరలోనున్న తల్లికో నిదానముగ చదివి వినిపింపగల శక్తి వారికి నేడే కలదు. చదువునపుడు తమ యిష్టమును అందు కలుపరాదు, ఉన్నదానిని దాచరాదు. అట్లు చదివి వినిపించిన విద్యార్థి ఓటు వేయకయే ఎన్నికకు సేవచేసినవాడగును.